అర్మాస్ మాస్టారి మెడ

గేరు మారినప్పుడు తల ఊగితే చాలు, అర్మాస్ మాస్టారు కారు దిగిపోయేవారు. అది ఎవరి కారు, ఎక్కడున్నాం, బయట వానా మంచా అన్న ప్రశ్నే లేదు. "ఆపండి" అనేవారు. ఆపగానే బూట్లు చేత్తో పట్టుకుని దిగి, తలుపు మెల్లగా వేసి, టోపీ సర్దుకుని నడిచి వెళ్ళిపోయేవారు. కోప్పడేవారు కాదు, తిట్టేవారు కాదు. అందుకే నడిపేవాడికి ఇంకా ఒళ్ళు మండేది.

బూట్లు చేతిలో ఎందుకంటే, ఆయన కారులోకి బూట్లతో ఎక్కేవారు కాదు. ఇంట్లోకి బూట్లతో వెళ్ళం కదా, కారులోకి మాత్రం ఎందుకు వెళ్ళాలి అనేవారు. ఉన్ని మేజోళ్ళతో కూర్చునేవారు. దిగాల్సి వస్తే రోడ్డు పక్కన మంచుగుట్ట మీద కూర్చుని, తీరిగ్గా బూట్లు తొడుక్కుని, లేసులు రెండు ముళ్ళు వేసుకుని మరీ బయల్దేరేవారు. ఆయన్ని దింపినవాడు అద్దంలో ఆ దృశ్యం చూసుకుంటూ మొహం మాడ్చుకుని పోవాల్సిందే.

ఆయన మా కూసిలాంపి ఊరి చర్చిలో ఆర్గన్ వాయించేవారు. ఊళ్ళో సగం మందికి పాట నేర్పారు, మిగతా సగం మందికి పాట రాదని మర్యాదగా చెప్పారు. అందుకని అందరికీ మాస్టారే. సన్నగా పొడుగ్గా ఉండేవారు. ఆ పొడుగులో ఎక్కువ భాగం మెడే. అంత పొడుగు మెడ ఉన్నవాడి తల ఊగకుండా కారు నడపమంటే ఎవడికి సాధ్యమని డ్రైవర్లు మొత్తుకునేవాళ్ళు.

తపాలా బస్సులోంచి దిగిపోయారు. బిషప్పు గారి కారులోంచి, బిషప్పు గారు మాట్లాడుతుండగానే దిగిపోయారు. ఒకసారి శవపేటిక తీసుకెళ్ళే కారులో ముందు సీట్లో కూర్చుని శ్మశానానికి వెళ్తూ, కొండ దిగువన "ఆపండి" అన్నారట. డ్రైవరు నివ్వెరపోయి, ఇవాళ ఒక్కరోజు ఓర్చుకోండి మాస్టారూ అని బతిమాలాడట. "నేను ఓర్చుకుంటానయ్యా. వెనకాలున్నాయన నోరు విప్పి చెప్పలేడుగా, ఆయన తరఫున దిగుతున్నా" అన్నారట.

మా చిన్నాన్న కొడుకు ఓస్మో పెళ్ళినాడు కూడా అంతే. పెళ్ళికొడుకే కారు నడుపుతున్నాడు, పక్కన పెళ్ళికూతురు, వెనక సీట్లో మాస్టారు. రెండో మలుపులో దిగిపోయారు. విందులో పాటకి పియానో ఉంది, వాయించే మాస్టారు లేరు. అందరూ సూపు చల్లారబెట్టుకుని ఎదురుచూశారు. చివరికి ఆయన నడుచుకుంటూ వచ్చి, పెళ్ళికూతురి చెయ్యి పట్టుకుని, "నువ్వు జాగ్రత్తమ్మా, వీడు క్లచ్చు గభాల్న వదిలేసే రకం" అని చెప్పి పియానో ముందు కూర్చున్నారు. ఓస్మో ఆ మాట ఈనాటికీ మర్చిపోలేదు. వాడి భార్య అంతకన్నా మర్చిపోలేదు.

విడ్డూరం ఏమిటంటే ఆయనకి సొంత కారుంది. లేత ఆకుపచ్చ సాబ్. అది కొట్టంలో టార్పాలిన్ కప్పుకుని నిద్రపోతుండేది. ఈయన మాత్రం రోడ్డు మీద నిలబడి వచ్చే పోయే కారునల్లా ఆపి ఎక్కేవారు. తన కారుకి ముసుగు, ఊరి కార్లకి ముప్పు అనేవాళ్ళం. పెట్రోలు మిగుల్చుకుంటున్నాడు, పిసినారి అని కూడా అనేవాళ్ళం. ఎక్కడ దిగినా దగ్గర్లో ఏదో ఒక ఇల్లుండేది, ఆ ఇంట్లో ఒక కప్పు కాఫీ దొరికేది. అదృష్టవంతుడు అనుకునేవాళ్ళం.

ఇంత సతాయించే మనిషిని ఊరు ఎందుకు భరించిందంటే, ఆయన మెడ లేనిదే మా మోటారు క్లబ్బు లేదు. మా వైపు పిల్లలకి నడకకన్నా ముందు స్టీరింగు వస్తుంది. రోడ్లన్నీ కంకర, కొండ ఎక్కితే ఆకాశం తప్ప ముందు ఏముందో కనపడదు. శరదృతువులో జరిగే ర్యాలీకి, అంటే కంకర రోడ్ల మీది కార్ల పందేనికి, క్లబ్బు ఒకే ఒక్క కారు పంపగలదు. ఆ కారు ఎవరు నడపాలో తేల్చేది ఓట్లు కాదు, గడియారం కాదు. మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని చర్చి నుంచి చెరువు దగ్గర క్లబ్బు వాళ్ళ ఆవిరిస్నానాల గది, సావునా దాకా, ర్యాలీ వేగంతో, ఆయన తల ఊగకుండా తీసుకురావాలి. అందరూ అక్కడ సాసేజీలు కాల్చుకుంటూ చూస్తుంటారు. కారులో ఇద్దరుంటే నెగ్గినట్టు. ఒక్కరే వస్తే ఇంక ఎవరూ ఏమీ అడగరు.

ఆ సీటు నాకు కావాలి. నేను ఇర్మెలిని. పల్లెలు తిరిగే లైబ్రరీ బస్సు నడుపుతాను. మా నాన్న ఆ క్లబ్బు కారుకి చక్రాలు మార్చేవాడు. చిన్నప్పుడు నేను రోడ్డు పక్క గడ్డిలో నిలబడి, అది మలుపులోకి వచ్చేటప్పుడు ఇంజను గొంతు మారడం వింటుంటే ఇంటికి వెళ్ళాలనిపించేది కాదు. ఈ జన్మకి ఒక్కసారి ఆ కారులో కూర్చోవాలి, అంతే. ఓస్మోతో అంటే వాడు నవ్వాడు. "పుస్తకాలు పడిపోకుండా బస్సు తోలేదానివి. ర్యాలీలో కూడా మధ్యలో ఆపి ఎవరికైనా నవల ఇస్తావా?" అన్నాడు.

తిన్నగా మాస్టారి దగ్గరికి వెళ్ళాను. కారు దగ్గరికి తీసుకెళ్తారనుకుంటే చర్చి మేడ మీదికి, ఆర్గన్ దగ్గరికి తీసుకెళ్ళారు. బూట్లు విప్పించి బల్ల మీద కూర్చోబెట్టారు. ఆర్గన్‌కి చేతులకి ఉన్నట్టే కాళ్ళకీ మెట్లుంటాయి, పెద్ద పెద్ద చెక్క పలకలు.

"మూడు పెడళ్ళు, రెండు కాళ్ళు. దేవుడు లెక్క తప్పాడు. ఆ తప్పు దిద్దాల్సింది మనమే" అన్నారు.

విషయం చెప్పుకుంటే చిన్నదే. మలుపు ముందు వేగం తగ్గాలి, గేరు కూడా దిగాలి. కింది గేరుకి ఇంజను ఇంకాస్త జోరుగా తిరగాలి. ఆ జోరు మనం ఇవ్వకపోతే చక్రాలే దాన్ని జుట్టు పట్టుకుని ఈడుస్తాయి. ఆ ఈడుపే కుదుపు. కాబట్టి కుడికాలి వేళ్ళు బ్రేకు తొక్కుతుండగానే, అదే కాలి మడమ పక్కకి వాలి యాక్సిలరేటరుని ఒక్కసారి తట్టాలి. ఈలోపు ఎడమకాలు క్లచ్చు నొక్కి వదలాలి. వేళ్ళకి మడమ ఏం చేస్తోందో తెలియకూడదు.

ఆర్గన్ మీద అదే చేయించారు. కుడికాలి వేళ్ళతో ఒక స్వరం తొక్కి పట్టుకోవాలి. అది బ్రేకు. అది తొణకకుండా ఉండగా మడమతో పక్క స్వరం చిన్నగా పలికించాలి. నేను మడమ వాల్చగానే వేళ్ళు లేచేవి, పెద్ద స్వరం చచ్చిపోయేది. వేళ్ళు చూసుకుంటే మడమ నిద్రపోయేది. కింద ప్రార్థనకి వచ్చిన ముసలమ్మలు, పైన ఆవు ఈనుతోందా ఏమిటని అడిగారట. ఆర్గన్ పాతదైపోయింది మాస్టారూ అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంది నీ సంగతి అన్నట్టుగా చూసి, తను కూర్చున్నారు.

ఆ కాళ్ళని అప్పుడు చూశాను. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, వట్టి పాదాలతో ఒక కీర్తన మొత్తం వాయించారు. మోకాళ్ళు కదలడం లేదు. వేళ్ళు, మడమ, వేళ్ళు, మడమ, రెండు పిల్లులు చీకట్లో నడిచినట్టు వెళ్తున్నాయి. నేల అదిరింది, నా పళ్ళు అదిరాయి. ఆయన మెడ మాత్రం గుంజలా నిలబడి ఉంది.

వేసవి మొదట్లో ఒకరోజు సాబ్ మీద టార్పాలిన్ తీశారు. నన్ను పక్కన కూర్చోమన్నారు. చెరువు రోడ్డు మీద వెళ్తుంటే మొదట భయమేసింది. ఎందుకంటే ఆయన, బస్సులో ముసలమ్మలకి సీటిచ్చే ఆ మనిషి, ఓస్మో కలలో కూడా వెళ్ళని వేగంతో వెళ్తున్నారు. తర్వాత భయం పోయింది. గేర్లు మారుతున్నాయని ఇంజను గొంతు మారడం బట్టే తెలుస్తోంది, ఒంటికి తెలియడం లేదు. కళ్ళు మూసుకున్నాను. మలుపులు వచ్చిపోతున్నాయి, కంకర కింద జల్లులా కురుస్తోంది, నా తల నా భుజాల మీద మోగని చర్చి గంటలా నిశ్చలంగా ఉంది. కారు ఆగిందని కూడా కొంచెంసేపు నాకు తెలియలేదు. కళ్ళు తెరిస్తే చెరువు. ఇంత గొప్ప పని మనిషి కాళ్ళతో చెయ్యొచ్చా అనిపించింది. చర్చిలో ఎన్నడూ అంత భక్తి నాకు కలగలేదని ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు.

"ఇది నాకు వస్తుందా?" అన్నాను.

"వస్తుంది. ముందు నీ మడమకి వినయం రావాలి" అన్నారు.

ఆ వేసవంతా నేను వాయించని వంటింటి బల్ల లేదు, తొక్కని గడప లేదు. పుస్తకాలు ఇస్తూ ఇస్తూ బల్ల కింద మడమ వాల్చేదాన్ని. సాయంత్రాలు మాస్టారు నా కారులో ఎక్కేవారు, ఎక్కడో ఒకచోట దిగిపోయేవారు. మొదట్లో లెంపి టీచరు గేటు దగ్గర దిగేవారు. ఆవిడ బళ్ళో అందరికీ చదువు చెప్పి, ఇప్పుడు కళ్ళు కనపడక ఒంటరిగా ఉంటోంది. ఆ మలుపు గట్టెక్కాక ఇంకో మలుపు. అన్నీ గట్టెక్కాక చివరికి ఒకటే మిగిలింది, తాయిస్తో ఇంటి మలుపు. తాయిస్తో దుంగల లారీ నడిపి రిటైరైన మనిషి. వసంతంలో భార్య పోయింది. అప్పటినుంచి గేటు దాటి బయటికి రాలేదు. చర్చి తరఫున సూపు పట్టుకెళ్ళిన సిస్టరుని, నాకేం తక్కువైందని గేటు దగ్గరే నిలబెట్టి పంపేశాడు. మనిషిని చూసి జాలిపడితే మా ఊళ్ళో అది తిట్టుతో సమానం.

ఆ మలుపు నాకు శాపమైపోయింది. మిగతా దారంతా వెన్నలా పోయేది, సరిగ్గా అక్కడికి రాగానే "ఆపమ్మాయ్." ఏం తప్పు చేశానో నాకు తెలిసేది కాదు. ఒంటరిగా వెళ్ళి ఆ ఒక్క మలుపే మళ్ళీ మళ్ళీ తిరిగాను. తాయిస్తో కిటికీలోంచి చూస్తుండేవాడు. నాకు పిచ్చెక్కిందనుకుని ఉంటాడు.

పరీక్షరోజు రానే వచ్చింది. శనివారం మధ్యాహ్నం, పల్చటి ఎండ, రాలిన ఆకులు. ఓస్మో అంతకుముందే ప్రయత్నించి మొదటి మలుపులోనే ఖాళీ సీటుతో వచ్చాడు. నేనూ ఓడితే ఆనవాయితీ ప్రకారం పోయినేటి డ్రైవరే మళ్ళీ నడపాలి, ఆ డ్రైవరు ఓస్మోనే.

మాస్టారు బూట్లు వెనక సీట్లో పెట్టి, మేజోళ్ళతో ముందు కూర్చుని, మెడ నిలబెట్టారు. బయల్దేరాను. ఏం చెప్పను, ఆరోజు నా కాళ్ళు నావి కావు. వేళ్ళు బ్రేకు మీద పొడుగు స్వరం పట్టాయి, మడమ పక్కన చిన్న పలుకు పలికింది, ఎడమకాలు ఊపిరి తీసినట్టు లేచి దిగింది. లెంపి టీచరు మలుపు పోయింది. మిల్లు మలుపు పోయింది. తాయిస్తో మలుపు వచ్చింది. మూడో గేరు, రెండో గేరు. ఇంజను గొంతు సవరించుకున్నట్టు పైకి లేచి సర్దుకుంది. కుదుపు లేదు. నాకు తెలుసు. ఒళ్ళంతా తెలిసింది. చెరువు ఇంక కనుచూపు మేరలో ఉంది.

"ఆపమ్మాయ్."

"ఎందుకు?"

"తల ఊగింది."

"ఊగలేదు మాస్టారూ."

"మెడ ఎవరిది?"

"మీదే."

"మరి?"

ఆపాను. ఆయన నా మొహం చూడకుండా దిగి, తలుపు మెల్లగా వేసి, తాయిస్తో గేటు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. నేను స్టీరింగు మీద తల పెట్టుకుని కూర్చున్నాను. వేసవంతా ఈ మనిషి మెడకి చాకిరీ చేశాను. చేసింది మంచి పని, దక్కింది ఖాళీ సీటు. వెనక్కి తిరిగి చూస్తే బూట్లు సీటు మీదే ఉన్నాయి. ఎన్నడూ బూట్లు మర్చిపోని మనిషి, తడి గడ్డి మీద మేజోళ్ళతో పోయారు. బూట్లు అందుకున్నాను. ఆయన ముందు విసిరికొట్టి, నాలుగు మాటలు అడిగేసి రావాలని బయల్దేరాను.

వంటింట్లోకి అడుగుపెట్టి, విసరబోయి ఆగిపోయాను. బల్ల మీద అప్పటికే రెండు కప్పులు పెట్టి ఉన్నాయి. కాఫీ మరుగుతోంది. ఏలకుల రొట్టె కోసి ఉంది, అడుగు మాడింది, ఇంట్లో చేసిందే. తాయిస్తో గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. అనుకోకుండా తలుపు తట్టిన అతిథి కోసం ఎవరూ ముందే రొట్టె కాల్చరు.

"ఈ అమ్మాయేనా నిన్ను ఇక్కడ పారేసి పోయేది?" అన్నాడు తాయిస్తో. నావైపు తిరిగి, "నీలాంటి డ్రైవర్లు ఉండబట్టే నాకు కాఫీకి తోడు దొరుకుతోంది. లేకపోతే ఈయన నా గుమ్మం ఎందుకు తొక్కుతాడు?" అన్నాడు.

మాస్టారు కప్పులోకి చూస్తున్నారు. ఆ పొడుగాటి మెడ కింద నుంచి పైదాకా ఎర్రబడిపోయింది.

అప్పుడు నా బుర్రకి అన్నీ ఒక్కసారి తట్టాయి. లెంపి టీచరు గేటు. తపాలా బస్సు దిగిన చోట ఒంటరిగా ఉండే ఒక ముసలాయన ఇల్లు. దిగిన ప్రతిచోటా దగ్గర్లో ఒక ఇల్లు, ఆ ఇంట్లో ఒక్కరే మనిషి. సొంత కారు గేటు ముందు ఆగితే చూడ్డానికి వచ్చారని తెలిసిపోతుంది, అప్పుడు తలుపు తెరుచుకోదు. రోడ్డు మీద దిక్కులేక నిలబడ్డవాడికి కాఫీ ఇవ్వకపోతే మాత్రం పాపం. సాబ్ టార్పాలిన్ కింద ఎందుకు నిద్రపోతోందో అర్థమైంది. మేం పిసినారి అన్నాం. ఆయన కాదనలేదు.

ఒక్క మాటంటే చాలు, నా సీటు నాకొస్తుంది. తల ఊగలేదని ఈయనతోనే ఇక్కడే చెప్పించగలను. తాయిస్తో ఆ రెండో కప్పు వైపు చూశాను. బూట్లు కిందపెట్టాను.

"నాదే పొరపాటు. మడమ జారింది" అన్నాను.

మాస్టారు తలెత్తి నన్ను చూశారు. నేను వచ్చేశాను.

చెరువు దగ్గర ఖాళీ సీటుతో కారు ఆపితే ఎవరూ ఏమీ అడగలేదు. ఎవరో సాసేజీ చేతిలో పెట్టారు. ఓస్మో అప్పటికే హెల్మెట్టు చంకలో పెట్టుకుని తిరుగుతున్నాడు. వాడు కూడా వెక్కిరించలేదు, అది ఇంకా అవమానంగా ఉంది. ఆ సాసేజీ నములుతూ నీళ్ళవైపు తిరిగి నిలబడ్డాను.

కాసేపటికి రోడ్డు మీద దుమ్ము లేచింది. తాయిస్తో పాత వ్యాను. వసంతం నుంచి కదలని బండి, క్లచ్చు ఎప్పుడో అరిగిపోయింది. కప్పలా గెంతుకుంటూ వస్తోంది. పక్క సీట్లో మాస్టారు. గెంతు గెంతుకీ ఆ తల ముందుకీ వెనక్కీ, గింజలు ఏరుకునే కోడి మెడలా కొట్టుకుంటోంది. టోపీ ఎక్కడో ఊడిపోయింది. అయినా దిగలేదు. క్లబ్బు క్లబ్బంతా సాసేజీలు మర్చిపోయి నోరు తెరుచుకుని చూసింది. బిషప్పు గారి కారులో చూపని ఓర్పు ఆ వ్యానులో చూపించారు.

తాయిస్తో దిగాడు. ఇంతమంది ముందు నిలబడి ఎన్నో నెలలైంది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. జేబుల్లో దూర్చాడు.

"ఈ అమ్మాయి తప్పు చెయ్యలేదు. గేరు ఎలా మారుస్తుందోనని వంటింట్లో చెవొగ్గి కూర్చున్నా. కుదుపు చప్పుడే వినపడలేదు. ఈయన తల నా గేటు దగ్గర ఎన్నడూ ఊగలేదు, అది నాకు మొదట్నించీ తెలుసు."

"తెలిసి మరి ఎందుకు చెప్పలేదు?" అన్నాడు ఓస్మో.

"చెప్తే కాఫీకి ఎవరొస్తారు, నువ్వొస్తావా?" అన్నాడు తాయిస్తో.

అందరూ మాస్టారి వైపు తిరిగారు. ఆయన మెల్లగా దిగి, మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుని, చేత్తో నొక్కుకున్నారు.

"ఇవాళ ఊగింది. ఇప్పుడే, వస్తూ వస్తూ. నా జన్మలో ఇంత ఊగలేదు. అమ్మాయి కారులో మాత్రం ఊగలేదు" అన్నారు.

ఓస్మో కొంచెంసేపు నేల చూసి, హెల్మెట్టు నాకిచ్చాడు. తాయిస్తోకి ఒక సాసేజీ ఇచ్చారు, ఆవాల ముద్ద కూడా వేశారు. మా ఊళ్ళో అంతకన్నా పెద్ద సన్మానం లేదు.

ర్యాలీలో నేను మొదట రాలేదు, చివరా రాలేదు. కానీ రోడ్డు పక్క గడ్డిలో ఒక చిన్నపిల్ల చెవులు రిక్కించి నిలబడి ఉంది, అది నాకు చాలు.

గుట్టు బయటపడింది కదా, ఇంకా ఈ దిగిపోవడాలు ఎందుకని మీరడగొచ్చు. మా ఊళ్ళో తెలిసిన సంగతిని తెలిసినట్టు మాట్లాడడం మర్యాద కాదు. మాస్టారు ఇప్పుడు నా లైబ్రరీ బస్సులో ముందు సీట్లో కూర్చుని వస్తారు. మేజోళ్ళతోనే. అబద్ధం ఆడే అవసరం ఆయనకి ఎందుకు కల్పించాలని, ఆయన దిగాల్సిన గేటు దగ్గరికి వచ్చేసరికి నేనే మడమ ఎత్తేసి, క్లచ్చు గభాల్న వదిలి, నిఖార్సైన కుదుపు ఒకటి ఇస్తాను. వెనక అరల్లో పుస్తకాలు ధడాల్న పడతాయి. ఆయన తల హుందాగా ఒకసారి ఊగుతుంది. "ఆపమ్మాయ్" అంటారు.

మొన్న గురువారం కూడా ఇచ్చాను. బూట్లు చేత్తో పట్టుకుని దిగారు. దిగి వెంటనే తలుపు వెయ్యకుండా అలాగే నిలబడ్డారు. మెచ్చుకుంటారేమోనని చూశాను.

"కుదుపు బాగానే ఉందమ్మాయ్. కాస్త ఆలస్యమైంది. లెంపి టీచరు గేటు దాటిపోయాం" అన్నారు.